అడుగా, మీటరా?

పిల్లలూ, నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు ఎప్పుడైనా వెళ్ళారా? ఆత్మకూరు వైపు వెళితే పెన్న మీద సోమశిల జలాశయం ఉన్నది. దాని పూర్తి నీటిమట్టం 100.58 మీటర్లు. ఇంత వింత అంకె ఎందుకు పెట్టారో! మీటరుకు సుమారు 3.28 అడుగుల చొప్పున మార్చి చూడండి: 330 అడుగులు. అడుగులే మీటర్ల చొక్కా తొడుక్కున్నాయన్నమాట! అక్కడినుంచి ఉదయగిరి వస్తే దుర్గం ఎత్తు 3,079 అడుగులంటారు, అంటే సుమారు 938 మీటర్లు. ఎక్కేవాడి కాళ్ళకు రెండూ ఒకటే.

మన దేశంలో మీటరు, కిలో పద్ధతికి 1956లో చట్టం వచ్చింది. వీసెలు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి. అడుగూ, అంగుళమూ మాత్రం కదలలేదు.

ఇక కొండాపురం చేరుదాం. చొక్కాగుడ్డను అంగడివాడు మీటర్లలో చించుతాడు, కుట్టేవాడు అంగుళాల్లో కొలుస్తాడు. పొలానికి ఎకరాలు, సెంట్లు. ఇంటిస్థలానికి అంకణాలు. నెల్లూరు సీమలో అంకణమంటే 72 చదరపుటడుగులు. తిరుపతిలో 36 మాత్రమే! పేరు ఒకటే గదా అని అక్కడ బేరమాడితే సగం స్థలమే చేతికి వస్తుంది. మూడు సెంట్లంటే 1,306.8 చదరపుటడుగులు. అది ఎన్ని నెల్లూరు అంకణాలో లెక్క కట్టండి. (కింద వెతకకండి, జవాబు వేయలేదు.)

ఇక్కడ వాన తక్కువ, బోర్లే దిక్కు. బోరు లోతు అడుగుల్లో చెబుతారు. మోటారు 300 అడుగులకు దించాలంటే 92 మీటర్ల పైపు చాలు. 300 మీటర్లు తెస్తే మూడింతల డబ్బు పోతుంది. అదే, 92 మీటర్లు కావలసినచోట 92 అడుగులే తెచ్చారనుకోండి, మోటారు నీటిని అందుకోదు, పైరు ఎండుతుంది.

ఇలాటి చిక్కే ఆకాశంలోనూ జరిగింది. 1983 జూలై 23న కెనడాలో ఒక విమానానికి 22,300 కిలోల ఇంధనం కావలసి ఉండగా, లెక్కలో కిలోల బదులు పౌన్లు పడ్డాయి. పౌను అరకిలో కూడా ఉండదు. దారిలోనే ఇంజన్లు రెండూ ఆగిపోయాయి! పైలట్లు విమానాన్ని గద్దలాగా తేలించుకుంటూ గిమ్లీ అనే చోట దించారు. అందరూ బతికారు.

కొండాపురంలో బోరులారీ కనిపిస్తే కాస్త దూరంగా నిలబడి వినండి. "మూడువందలు దిగింది" అంటారు. "మూడువందల ఏమిటి మామా?" అని అడగండి. నవ్వుతారు, కాని చెబుతారు.