కంచికి వెళ్ళిన తగవు

"కథ కంచికి, మనం ఇంటికి" అని కథ ముగించటం తెలుగువారి వాడుక. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మనబోటివారి ఇళ్ళలో మాత్రం పెళ్ళికథ కంచిలోనే మొదలవుతుంది. ముహూర్తం పెట్టగానే ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న "పట్టుచీరలకు కంచి ఎప్పుడు?" అన్నదే. మా అన్నగారి అమ్మాయి పెళ్ళి నిమిత్తం మొన్న మాఘంలో మేమూ కంచి వెళ్ళి వచ్చాము. ఆ ఊరిని గురించి, అక్కడి మగ్గాలను గురించి, మాతో కూడా రైలెక్కిన ఒక తగవును గురించి సోదర సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ వ్యాసం.

తగవు సంగతి ముందు చెప్పాలి. పెళ్ళికూతురి పక్కన తోడిపెళ్ళికూతురని ఒక చిన్నపిల్లను కూర్చోబెట్టటం మన ఆచారం గదా. ఆ పిల్లకు కొత్తబట్టలు పెట్టవలసినవారు పెళ్ళికూతురి తల్లిదండ్రులే. ఇప్పుడు ఈ ముచ్చట బాగా పెరిగింది. పెళ్ళికూతురి వెనుక అరడజను మంది ఆడపిల్లలు ఒకే రంగు చీరలు కట్టుకుని నిలబడటం, ఫోటోలు తీయించుకోవటం పరిపాటి అయింది. మా వదినగారూ ముచ్చటపడ్డారు. ఆరుగురు పిల్లలు, ఆరు చిలకపచ్చ పట్టుచీరలు, అన్నిటికీ అరక్కు రంగు అంచు. అంతవరకు బాగానే ఉంది. "ఎవరి పిల్లల చీరలు వారు కొనుక్కుంటే సరి, రవికల కుట్టుకూలి మేమిస్తాం" అన్నారు. చిక్కంతా అక్కడ వచ్చింది.

ఆ ఆరుగురిలో ఇద్దరు మా చెల్లెలి కూతుళ్ళు. చిన్నది పన్నెండేళ్ళ పిల్ల, తోడిపెళ్ళికూతురు కూడా అదే. చెల్లెలి భర్త ఒక చిన్న అచ్చాఫీసులో పని చేస్తారు. వదినగారు అనుకున్న చీర ఒకటి 14,000 రూపాయలు. రెంటికి 28,000. అది ఆయన నెలజీతాన్ని మించిన సొమ్ము. మా చెల్లెలు కాదనలేదు, అవుననలేదు, "చూద్దాం వదినా" అన్నది. ఆ మాటను వదినగారు ఒప్పుకోలు అనుకున్నారు. పది రోజుల తరువాత ఒప్పుకోలు కాదని తెలిసేసరికి మాటలు పెరిగాయి. చివరకు "పిల్లలకు పరీక్షలు, పెళ్ళికి రావటం పడుతుందో లేదో" అనేదాకా వచ్చింది మా చెల్లెలు. మేనకోడలి పెళ్ళికి మేనత్త రాకపోతే బంధువుల నోళ్ళు మూయించటం ఎవరి తరం? అన్నగారు బతిమాలగా చీరల బేరానికి తానూ బయలుదేరింది.

చెన్నై నుంచి కంచికి సుమారు 75 కిలోమీటర్లు. బస్సులు విస్తారంగా ఉన్నాయి గాని, మేము చెంగల్పట్టు మీదుగా పోయే రైలు ఎక్కాము. అన్నగారు, వదినగారు, పెళ్ళికూతురు ఒక బెంచీ మీద, మా దంపతులము, చెల్లెలు ఎదుటి బెంచీ మీద. చెంగల్పట్టు దగ్గర కొలవాయి చెరువు నిండుగా కనిపించింది. వదినగారు ఒక కిటికీలోనుంచి, చెల్లెలు మరొక కిటికీలోనుంచి చూశారు. పాలూరు, వాలాజాబాదు దాటినా ఇద్దరి మధ్య మాట లేదు. పెళ్ళిపిల్ల పులిహోర పొట్లాలు పంచి, అటో మాట ఇటో మాట అందిస్తూ వచ్చింది.

కంచి రెండు ఊళ్ళు కలిసినట్లుంటుంది. ఏకాంబరేశ్వరుడున్నది పెద్ద కంచి, వరదరాజస్వామి ఉన్నది చిన్న కంచి. ఏకాంబరేశ్వరుని రాజగోపురం కృష్ణదేవరాయలు 1509లో కట్టించినది. వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకటానికి మన తెలుగువారు ఎంత దూరం నుంచైనా వస్తారు. కోనేటి నీటిలో ఉండే అత్తి వరదరాజస్వామిని నలభై ఏళ్ళకొకసారి బయటికి తీస్తారు. 1979 తరువాత మళ్ళీ 2019లో తీశారు. దర్శనాలు చేసుకుని, మిరియాలు, శొంఠి వేసిన కంచి ఇడ్లీ తిని, పట్టు అంగళ్ళు బారులు తీరిన గాంధీ రోడ్డుకు చేరాము.

ఒక అంగడిలో ఆరు చిలకపచ్చ చీరలు దొరకనే దొరికాయి. రెండు ధరలలో చూపించారు. ఒకటి అసలు జరీ. సన్నని వెండితీగను పట్టుపోగుకు చుట్టి, పైన బంగారుపూత పూసినది. పోగు గీకితే లోపల ఎర్రని పట్టు కనిపిస్తుంది. రెండవది రాగితీగ జరీ, దాని వెల 3,500 మాత్రమే. "చెల్లెలు పిల్లలకు ఇవి తీసుకుంటే సరిపోతుందిగా, దూరానికి ఎవరు కనిపెడతారు?" అన్నారు వదినగారు. ఆమె ఉద్దేశం సాయపడాలనే. కాని మా చెల్లెలి ముఖం నల్లబడింది. "నలుగురు బంగారంలో నిలబడితే నా పిల్లలు రాగిలో నిలబడతారా వదినా? దూరంవారికి తెలియకపోవచ్చు, పిల్లలకు తెలియదా?" అన్నది. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఊరకే పుట్టలేదు. అంగడివారు మర్యాదగా పక్కకు తప్పుకున్నారు. మేము ఏమీ కొనకుండానే మెట్లు దిగాము.

మా ఆఫీసులో ఒక మిత్రుడు చెప్పి పంపగా పిళ్ళయార్‌పాళయంలో ఒక నేతగాని ఇంటికి వెళ్ళాము. అది నేతవారి పేట. కంచి నేతవారిలో దేవాంగులు, సాలెవారు తెలుగునాటినుంచి వలసవచ్చారని పెద్దలు చెబుతారు. ఆ ఇంట్లో ఇప్పటికీ తెలుగే. సగం తమిళం కలిసిన తెలుగు. ముందుగదిలో సగం గుంతమగ్గమే. ఆయన గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే ఆమె పక్కన కూర్చుని అంచునాడె అందిస్తున్నది. ఒంటికొక రంగు, అంచుకొక రంగు వేసి, రెంటినీ పోగుపోగునా కలిపి నేయటాన్ని కోర్వై అంటారు. ఒంటికొక నాడె, అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు. అందుకే ఒక్క మనిషివల్ల అయ్యే పని కాదు. కొంగు రంగు మారాలంటే పడుగులో వేల పోగులకు కొత్త పోగులు తగిలించాలి. పట్టు కర్ణాటకనుంచి, జరీ సూరతునుంచి వస్తాయి. వెండి ధర పెరిగితే చీర ధరా పెరుగుతుంది. ఈ చీరకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వదినగారు అక్కడా ఆరు చీరల మాట ఎత్తారు. ఆయన నాడె ఆపి, నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, ఒక పావు మీద రెండు మూడు చీరలే దిగుతాయి. ఒక్కొక్క చీరకు పది పదిహేను రోజులు మేమిద్దరమూ కూర్చోవాలి. మూడు వారాలలో ఆరు ఒకే తీరువి నా మగ్గానికి సాధ్యం కాదు. అద్దకం మారితే పచ్చలోనూ తేడా వస్తుంది." పావు అంటే పడుగు.

అప్పుడు మా చెల్లెలు నోరు విప్పింది. "వదినా, వ్యవధి ఉన్నా నా దగ్గర డబ్బు లేదు. ఆనాడే చెప్పటానికి నాకు నోరు రాలేదు" అన్నది. ఆ మాటకు మగ్గం దగ్గర అందరమూ కాసేపు ఊరకున్నాము. అన్నగారు గొంతు సవరించుకుని, "తోడిపెళ్ళికూతురి బట్టలు మన ఇంటి ఖర్చు. మన అమ్మనాన్నల కాలంనుంచీ అంతే. మిగిలిన పిల్లలు ఉన్న పట్టుచీరలే కట్టుకుంటారు" అన్నారు. వదినగారికి అది నచ్చలేదని ముఖమే చెప్పింది. ఆరు చీరల ఫోటోను ఆమె ఎన్ని రోజులుగా మనసులో చూసుకున్నారో! అయినా సహకార సంఘం అంగడికి వెళ్ళాక, చిన్నపిల్ల పరికిణీకి చిలకపచ్చ పట్టు ఆమే ఏరారు. పెళ్ళికూతురి మధుపర్కాలు, ముహూర్తపు చీర కూడా అక్కడే తీసుకున్నాము. తిరుగు రైలులో వాలాజాబాదు దాటాక, "పెద్దదానికి నా నెమలికంఠం చీర సరిపోతుందేమో చూడు" అని వదినగారు అన్నారు. చెల్లెలు "చూద్దాం" అనలేదు, "సరే" అన్నది.

పెళ్ళి అయింది. ఆరుగురు పిల్లలు ఆరు రంగులలో నిలబడ్డారు. ఫోటో అందంగా లేదని వదినగారు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. మేనత్త మాత్రం ముందువరుసలో ఉన్నది.

కంచి వెళ్ళదలచినవారికి రెండు మాటలు. మగ్గం మీద నేయించుకోదలిస్తే రెండు మూడు నెలల ముందే వెళ్ళాలి. పట్టుకు సిల్క్ మార్కు చీటీ, జరీకి సంఘంవారి రసీదు అడిగి తీసుకోవాలి. రైలెక్కకముందే ఏ చీర ఎవరి ఖర్చో కాగితం మీద వ్రాసుకోవాలి. మనకు కావలసిన రంగును ఇంకొకరి చేత కొనిపించేటట్లయితే, "నీకు వీలవుతుందా?" అని ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారి అడగటం మంచిది. లేదన్న మాట చెప్పటానికి వారికి చోటు ఉండాలి.