మడకశిర ఎండలో సర్దిన సూట్‌కేసు

జులై నెల. మడకశిరలో మామ వాళ్ల ఇంటి నడవలో రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. మామ కొడుకు ఎం.ఎస్. చదవడానికి వచ్చే నెల అమెరికాలోని బఫెలో వెళ్తున్నాడు. 2018లో నేను వెళ్లిన ఊరే. అందుకే సర్దే పని నాకు అప్పజెప్పారు.

"ఆడ శానా చలంట కదప్పా, ఈ రగ్గులు రెండూ పెట్టు" అంటోంది అత్త. బయట ఎండ మండిపోతోంది. ఒక్కో బ్యాగుకి 23 కిలోలే. మొదటిది అప్పుడే 31 చూపిస్తోంది!

పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోను అది. ఒకే వస్తువు రెండుసార్లు కొనే పరిస్థితి లేదు. నేను కొన్నాను కాబట్టి చెప్తున్నా.

పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మాకు తెలిసిన చలి అంటే డిసెంబరు పొద్దున సింహగిరి కొండ చుట్టూ పొగమంచు. ఒక స్వెట్టరు, ఒక మఫ్లరు. పది గంటలకి అవీ తీసేస్తాం. బఫెలో లెక్క వేరు. అది ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. శీతాకాలంలో చల్లగాలి ఇంకా గడ్డకట్టని ఆ సరస్సు మీదుగా వస్తూ తేమను పీల్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఏటా సగటున రెండు మీటర్లకు పైనే!

నేనేం చేశానంటే, బెంగళూరులో మందంగా కనిపించిన జాకెట్ కొన్నా. లోపల కాటన్ టీషర్టు, కాటన్ సాక్సులు, జీన్స్. మందంగా ఉంటే చాలనుకున్నా. మంచులో గబగబా నడిస్తే చెమట పట్టింది. కాటన్ ఆ తడిని పట్టుకుని వదల్లేదు. బస్టాపులో నిలబడ్డ పదినిమిషాల్లోనే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మోకాళ్ల దాకా జీన్స్ తడిసి బిగుసుకుపోయింది.

నవ్వొచ్చే సంగతేంటంటే, ఈ పాఠం మా ఊళ్లోనే ఉంది. ఇక్కడ గొర్రెలు కాసేవాళ్లు తుంపరలో నూలు దుప్పటి కప్పుకోరు, కంబళి కప్పుకుంటారు. ఉన్ని తడిసినా వెచ్చదనం నిలుపుతుందని వాళ్లకి తెలుసు. ఇంజనీరింగ్ చదివిన నాకు తెలియలేదు.

అలాగని కంబళి మోసుకెళ్లమని కాదు. ఒంటికి అంటుకునేలా థర్మల్స్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలి, నీళ్లు దూరని కోటు. ఈ మూడు పొరలే సూత్రం. థర్మల్స్ రెండు జతలు ఇక్కడే కొనొచ్చు. కోటు, మంచు బూట్లు మాత్రం అక్కడే. ఆగస్టులో దిగేసరికి బఫెలోలో ఇంకా వేసవే. మంచు సాధారణంగా నవంబరులో మొదలవుతుంది. ఈలోపు సీనియర్లు అమ్మేవి, సెకండ్‌హ్యాండ్ షాపులు చూసుకోవచ్చు. బూట్లు మందం సాక్సులతో వేసి చూసే కొనాలి.

నా రెండో తప్పు మిక్సీ. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. అది సరిగ్గా తిరగనే లేదు. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు మాత్రం దాదాపు అన్నీ రెండింటికీ పనిచేస్తాయి, ప్లగ్ అడాప్టర్ ఉంటే చాలు. ప్రెషర్ కుక్కర్‌కి ఏ గొడవా లేదు.

ఇంకొకటి నేను కలలో కూడా అనుకోలేదు. బయట మంచు, ఇంట్లో కరువు! చల్లగాలిలో తేమ తక్కువ. దాన్ని హీటర్ వేడిచేస్తే గది ఎండిపోతుంది. పెదాలు పగిలాయి, ముక్కులోంచి రక్తం వచ్చింది. కాబట్టి వాజలీన్, కొబ్బరినూనె చేతి బ్యాగులోనే ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, చీటీతో సహా మందులు కూడా. కళ్లద్దాలు ఒక జత అదనంగా పెట్టుకోండి, అక్కడ ఖరీదు.

రగ్గులు తీసేశా. మిక్సీ తీసేశా. ఆరు జీన్స్‌లో నాలుగు తీసేశా. అత్త మాట్లాడకుండా రగ్గులు మడిచి బీరువాలో పెట్టింది. ఆమెకి అవి రగ్గులు కాదు, కొడుక్కి తను చేయగలిగింది. అర్థమైంది కానీ ఏం చెప్పాలో తోచలేదు.

మళ్లీ తూచాం. 22.6 కిలోలు.

అత్త వంటింట్లోకి వెళ్లి శెనక్కాయల పొడి ప్యాకెట్‌తో వచ్చింది.

"ఇంకా నన్నూరు గ్రాములు పడతాది కదప్పా?"