అమ్మేటప్పుడు తరుగు, కొనేటప్పుడు తరుగు



పోయిన వారం పత్తి ఏరుడు మధ్యల రెండు రోజులు పట్నం పోయి వచ్చిన. అక్కడ కోకాపేటల ఒక పొద్దటి పూట జరిగిన ముచ్చట మీకు చెప్పాలె. పట్నం గొప్పలు చెప్పుకునేటందుకు కాదు. మన ఇండ్లల్ల పెండ్లిండ్లు వస్తున్నయి, బంగారం కొనక తప్పదు. అందుకే రాస్తున్న. జర పొడుగుంటది, ఓపికతోని చదువుండ్రి.

మా ఇంటామె అన్న కొడుకు కోకాపేటల ఫ్లాట్ తీసుకున్నడు. గృహప్రవేశానికి ఇద్దరం పోయినం. ఇరవై ఏడో అంతస్తు. బాల్కనీల నిలబడితే గండిపేట నీళ్లు కనవడుతయి. కిందికి చూస్తే నాకు కండ్లు తిరిగినయి, అది వేరే ముచ్చట.

తెల్లారి మా తిరుగు ప్రయాణం. ఉప్పల్ నుంచి మధ్యాహ్నం రెండు గంటలకు బస్సు. పొద్దున ఏడింటికి లెక్క చూసుకుంటే మా చేతిల అయిదు గంటలున్నయి. బిడ్డ నిశ్చితార్థం ఇంక పది రోజులే. మెడలకు గొలుసు తీసుకోవాలె. పత్తి పైసలు బ్యాంకుల పడ్డయి. "ఇక్కడ్నే చూద్దాం, మోడళ్లు మంచిగుంటయంట" అన్నది మా ఇంటామె.

మా అల్లుడు నవ్విండు. "మామా, మీది ఓడ ప్రయాణం లెక్కనే ఉన్నది" అన్నడు. వాళ్ల ఆఫీసోళ్లు కొందరు విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై దాకా ఓడల తిరిగి వచ్చిండ్రంట. ఓడ రేవుల ఆగినంక కొన్ని గంటలే టైం. అందరు దిగి ఉరుకుడే. ఆ ఊరి టిఫిన్ ఎక్కడ దొరుకుతది, నగల దుకాణం ఎక్కడున్నది, ఓడ కదలకముందే ఎట్ల వాపస్ రావాలె, ఇదే లొల్లి. నిజమే అనిపించింది. మా ఓడ ఆర్టీసీ బస్సు, అంతే తేడా. తొందరల ఉన్నోని దగ్గర సొమ్ము గుంజుడు అలకగ ఉంటదని ఏ రేవులనైనా దుకాణపోనికి ఎరుకే.

ముందుగాల కడుపు సంగతి. అల్లుడు ఫోన్ల తెప్పిస్త అన్నడు, వద్దన్నం. ఫ్లాట్ల కిందనే ఒక కాఫీ హోటల్ ఉన్నది. అద్దాల మీద రాసిన ధర చూసిన. దోశ 190 రూపాయలు. ఇద్దరికి 380. మా ఊర్ల పత్తి ఏరేటామెకు అది ఒక రోజు కూలి లెక్క. మా ఇంటామె నా చెయ్యి పట్టి బయటికి గుంజింది.

పనోళ్లు ఎటు పోతున్నరో అటు నడిచినం. కొత్త ఊర్ల అన్నం దొరకాలంటే ఇదే సూత్రం. తొవ్వ పొడుగూత క్రేన్లు, సగం లేచిన బిల్డింగులు. ఇది నియోపోలిస్ అని హెచ్‌ఎండీఏ వేసిన లేఅవుట్. 2023 ఆగస్టు 3న ఇక్కడ వేలం పెడితే ఒక ప్లాటుకు ఎకరానికి 100 కోట్ల 75 లక్షలు పాడిండ్రు. ఎకరానికి 4840 గజాలు. నడుసుకుంట లెక్క గట్టిన. గజం రెండు లక్షల ఎనిమిది వేలు. అంటే మేం బిడ్డకు తీసుకోవాలని అనుకున్న రెండు తులాల బంగారం పైసలకు ఇక్కడ గజం నేల అటు ఇటు. ఒకప్పుడు ఇదీ ఊరే, మనలెక్క దున్నుకున్నోళ్ల భూములే.

కూలీలు గుమిగూడిన కాడ ఒక టిఫిన్ బండి కనవడ్డది. ఒడియా మాట, హిందీ మాట, పాలమూరు మాట, అన్నీ కలిసి వినవడుతున్నయి. బండి ఆమె గద్వాల దిక్కామె. ఇడ్లీ, బోండా ఉన్నయి గని ఆమె ఉగ్గాని మంచిగ చేస్తదని పక్కాయన చెప్పిండు. మురమురాలు నీళ్లల్ల తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు తాలింపుల వేసి, పైన పుట్నాల పొడి చల్లుతరు. పక్కకు మిరపకాయ బజ్జి. ప్లేటు 40 రూపాయలు. మా దిక్కు చెయ్యరు గని, వేడి వేడిగ తింటుంటే మా ఇంటామె ఇంకొక ప్లేటు అడిగింది.

బంగారం దుకాణం ఎక్కడున్నదని అడిగితే తొవ్వ చెప్పింది. పోయిన ఏడు ఆమె కూడ కమ్మలు తీసుకున్నదంట. "అన్నా, నా బండి మీద ప్లేటు ధర రాసి పెట్టిన, చూసినవు గదా. అక్కడ గ్రాము ధర బోర్డు మీద రాసుంటది. తరుగు మాత్రం రాసుండదు. వస్తువు మెడల వేసుకోకముందే తరుగెంతనో అడుగు. వేసుకున్నంక అడిగేటందుకు నోరు రాదు" అన్నది.

ఆ మాట నా చెవుల పడ్డది. తరుగు! ఈ మాట మనకు కొత్తనా? వడ్లు కొనేకాడికి పోతే తాలున్నది, తేమున్నది అని కింటాకు ఇన్ని కిలోలు తరుగు తీస్తరు. పత్తికి 8 శాతం తేమ దాటితే ఒక్కొక్క శాతానికి ధర తగ్గిస్తరు, 12 దాటితే వాపస్ పంపుతరు. అక్కడ మనం కాంటా మీద పడి కొట్లాడుతం. మరి బంగారం దుకాణంల ఎందుకు మూగోళ్లమైతం?

ఎందుకో లోపటికి పోతేనే సమజైంది. చల్లటి ఏసీ, మెరిసే నేల, తాగుమని జ్యూస్ తెచ్చి ఇచ్చిండ్రు. నా చెప్పులకు నల్లరేగడి మట్టి. "సార్", "మేడమ్" అని పిలుస్తుంటే మనకు ధర అడుగుడే చిన్నతనం అనిపిస్తది. అదే వాళ్ల పెట్టుబడి.

మా ఇంటామెకు ఒక గొలుసు నచ్చింది. రెండు తులాలు, అంటే 20 గ్రాములు. మెడల పెట్టుకోబోతుంటే ఆపిన. "తరుగెంత?" అని అడిగిన. ఆ పిల్లగాడు "వీఏ పద్నాలుగు శాతం సార్" అన్నడు. వీఏ అన్నా, వేస్టేజీ అన్నా, మేకింగ్ అన్నా మన జేబుకు ఒకటే. లెక్క సులువుగుండాలని గ్రాము 11 వేలు అనుకుందాం. 20 గ్రాములకు 14 శాతం అంటే 2.8 గ్రాములు. 30,800 రూపాయలు. 2025-26ల పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 ఉండె. అంటే మూడు కింటాళ్ల ఎనభై కిలోల పత్తి వట్టి తరుగు కిందనే పోతది. ఆ వస్తువు రేపు అమ్మితే ఆ తరుగు వాపస్ రాదు.

మా పెండ్లి 1996ల అయ్యింది. అప్పుడు తులం అయిదు వేల పైచిలుకు. మూడు నాలుగు కింటాళ్ల పత్తి అమ్మితే తులం వచ్చేది. ఆ 11 వేల లెక్కన పదమూడున్నర కింటాళ్లు కావాలె. ఇగ తరుగు కూడ అడగకపోతే ఎట్ల?

ఇక్కడ్నే ఇంకొకటి జరిగింది. రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచన చేసిన. మా ఇంటామె రాయుమన్నది, రాస్తున్న.

మా అత్తమ్మ మా పెండ్లికి పెట్టిన రెండు పేటల గొలుసు ఆమె సంచిల పట్టుకొచ్చింది. దాన్ని మార్చి బిడ్డకు ఇంకో తులం ఎక్కువ తీసుకోవాలని ఆశ. అది కూడ రెండు తులాలే. క్యారెట్ మీటర్ మిషన్ల పెట్టిండ్రు. 22 క్యారెట్లు అంటే నూటికి 91.6 రావాలె. 78 వచ్చింది. ఇంకొకసారి పెట్టుమన్న. మళ్ల గదే. రెండు తులాలల్ల ఇంచుమించు రెండు గ్రాముల ముప్పావు బంగారం లేనే లేదు.

చేసినాయన ఎవరో, ఎక్కడోడో చెప్పను, ఆయన ఇప్పుడు లేడు. మన దేశంల బంగారానికి హాల్‌మార్క్ పద్ధతే 2000ల మొదలైంది. అప్పుడు మాటనే బిల్లు, నమ్మకమే ముద్ర.

మా ఇంటామె ఏం మాట్లాడలేదు. కొంచెం సేపటికి "మా అమ్మ పాడి బర్రెను అమ్మి చేయించింది. ఆమెకు చదువు రాదు, అడిగేటందుకు నోరు లేదు" అన్నది. నేను "మారుద్దామా?" అన్న. "వద్దు. అది తక్కువ బంగారమే గని మా అమ్మ తక్కువ పెట్టలేదు" అని మళ్ల కొంగుల కట్టుకున్నది. ఇగ రెండు తులాల మాట ఇడిచిపెట్టినం.

సాదా మిషన్ గొలుసు చూపించుమన్నం. రాళ్లు లేవు, లక్క లేదు. 15 గ్రాములు. తరుగు 8 అన్నరు. లేవబోయినం, 7 అన్నరు. నేను గడియారం చూసుకోలేదు. బస్సు పోతే ఇంకొక బస్సున్నది అని గట్టిగనే అన్న. 6 కాడ ఒప్పుకున్నరు. 0.9 గ్రాములు, 9,900 రూపాయలు. బంగారం, తరుగు కలిపి 1,74,900. దాని మీద 3 శాతం జీఎస్టీ 5,247. హాల్‌మార్క్ రుసుము వస్తువుకు 45 రూపాయలు, దాని జీఎస్టీతోని 53. మొత్తం 1,80,200. కార్డుతోని కట్టిన. రెండు లక్షలు, ఆపైన అయితే నగదు తీసుకునేది లేదు, రెండు లక్షలు దాటితే పాన్ కార్డు అడుగుతరు, అది కూడ యాదుంచుకోండ్రి.

పైసలు కట్టకముందే గొలుసు కొక్కెం కాడ భూతద్దంతోని చూపించుమన్నం. మూడు గుర్తులుండాలె. బీఐఎస్ ముద్ర, 22కే916, ఆరు అక్షరాలు అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరింటి నంబరు లేకుంట హాల్‌మార్క్ నగ అమ్మరాదు. మా ఇంటామెనే ఫోన్ల బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ నంబరు కొట్టింది. ఏ దుకాణం వేయించింది, ఎక్కడ పరీక్ష అయ్యింది, వస్తువు ఏంది, స్వచ్ఛత ఎంత, అన్నీ వచ్చినయి. వస్తువు కాడ గొలుసు అనే ఉన్నదా చూడాలె. ఉంగరం అని వస్తే ఆ నంబరు మనది కాదన్నట్టు. తర్వాత పరీక్షల స్వచ్ఛత తక్కువ తేలితే తక్కువైన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు మనకియ్యాలని నియమం ఉన్నది. బిల్లు ఉంటేనే. కచ్చా చీటీ మీద "జీఎస్టీ మిగులుతది" అంటే ఆశపడకుండ్రి.

రాళ్ల నగ అయితే రాళ్ల బరువు తీసేసి వట్టి బంగారం బరువు బిల్లుల వేరే రాయించుకోండ్రి. మన వడ్లల్ల రాయి ఉంటే తరుగు తీస్తరు గదా, వాళ్ల బంగారంల రాయి ఉంటే మనమూ తియ్యాలె.

రెండు గంటల బస్సు అందలేదు. మూడున్నరకు ఎక్కినం. జనగామ దాటినంక మా ఇంటామె బిడ్డకు ఫోన్ చేసింది. డిజైన్ ఎట్లున్నదో చెప్పలేదు. ఆరు అక్షరాల నంబరు చదివి, "రాసి పెట్టుకో బిడ్డా, నీ అమ్మమ్మకు ఇది లేకుండె" అన్నది.

మీ దిక్కు దుకాణాలల్ల సాదా గొలుసుకు తరుగు ఎంత తీస్తున్నరో నాకు చెప్పుండ్రి. నలుగురం లెక్కలు కలుపుకుంటేనే ఇంకొక ఇంటికి పనికొస్తది. ఉంట మరి, రేపు రెండో ఏరుడున్నది.