పది నెలలూ నిండని సన్యాసం

రోమ్ నగరంలో క్విరినాలే కొండ. అక్కడ ఇటలీ అధ్యక్షుడు ఉండే భవనానికి ఎదురుగా, వీధికి ఆవలి పక్కన ఓ చిన్న చర్చి ఉంటుంది. పేరు శాంత్ ఆండ్రియా. ప్రఖ్యాత శిల్పి బెర్నిని రూపకల్పన. 1658లో పని మొదలైంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ మందిరాన్నీ గులాబీరంగు పాలరాతినీ చూడ్డానికి చాలామందే వస్తారు. పక్కనున్న గదుల్లోకి వెళ్లేవాళ్లు మాత్రం కొందరే.

వెళ్లినవాళ్లు ఒక్కక్షణం ఉలిక్కిపడతారు. ఎదురుగా మంచంమీద ఓ కుర్రాడు... నల్లని అంగీ, పాలిపోయిన ముఖం, దిండుమీద వాలిన తల. దగ్గరికెళితేగానీ తెలీదు, అది రాతి బొమ్మ అని! ముఖం, చేతులు, పాదాలు తెల్లరాయి. అంగీకి నల్లరాయి. పరుపుకి రంగురాయి. 1703 ప్రాంతంలో ఫ్రెంచి శిల్పి పియర్ లెగ్రో చెక్కిన ఆ కుర్రాడి పేరు స్టానిస్లాస్ కోస్ట్కా.

నాన్న వద్దన్నా...

స్టానిస్లాస్ 1550లో పోలెండ్‌లో పెద్దింట పుట్టాడు. పద్నాలుగో ఏట అన్న పావెల్‌తో కలిసి చదువుకోసం వియన్నా వెళ్లాడు. అన్నకి విందులూ వినోదాలూ ఇష్టం. తమ్ముడికి ప్రార్థన. ఆ కోపంతో పావెల్ తమ్ముణ్ని కొట్టేవాడు కూడా. జెస్యూట్ సభలో చేరతానంటే వియన్నాలోని గురువులు తండ్రి అనుమతి లేనిదే కుదరదన్నారు. తండ్రి ఒప్పుకోడని స్టానిస్లాస్‌కి తెలుసు.

1567 ఆగస్టులో బీదవాడిలా వేషం మార్చుకుని కాలినడకన బయల్దేరాడు. జర్మనీలోని డిల్లింగెన్ చేరితే, అక్కడి జెస్యూట్ కళాశాలలో విద్యార్థులకు వడ్డించే పని అప్పగించారు. జమీందారు బిడ్డ మారుమాట్లాడకుండా చేశాడు. అక్కణ్నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి రోమ్‌కి. సభ పెద్ద ఫ్రాన్సిస్ బోర్జియా అతణ్ని చేర్చుకున్నారు. అది అక్టోబరు 28... సరిగ్గా పదిహేడేళ్లు నిండిన రోజు!

కొత్తగా చేరినవాళ్లకు రెండేళ్ల శిక్షణ. స్టానిస్లాస్ పది నెలలైనా పూర్తిచేయలేదు. ఈలోగా తండ్రి నుంచి బెదిరిస్తూ ఉత్తరం వచ్చింది. కొడుకు మర్యాదగానే బదులు రాశాడు కానీ వెనక్కి వెళ్లలేదు. 1568 ఆగస్టులో జ్వరం పట్టుకుంది. 15వ తేదీ తెల్లవారకముందే కన్నుమూశాడు. అతనున్న పాత భవనం ఇప్పుడు లేదు. ఆ గదుల్ని చర్చి పక్కన మళ్లీ కట్టారు. 1726లో స్టానిస్లాస్‌ని పునీతుడిగా ప్రకటించారు. సమాధి చర్చిలోనే ఉంది.

అన్న వచ్చేసరికి...

తమ్ముణ్ని ఇంటికి తీసుకురమ్మని తండ్రి పంపగా పావెల్ రోమ్ వచ్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. కొట్టిన చేతులకి క్షమాపణ చెప్పుకునే అవకాశం కూడా మిగల్లేదు. ఆ బాధ అతణ్ని జీవితాంతం వదల్లేదంటారు. చివరికి వయసు మళ్లాక పావెల్ కూడా జెస్యూట్ల తలుపు తట్టాడు... తననీ సభలో చేర్చుకోమని.