చిక్కుడు తీగె, హార్మోనియం తిత్తి

అక్కా, ఇంట్లున్నవా? గోడ దాటి మీ దిక్కు పాకిన కాయలన్నీ నువ్వే తెంపుకో, నా గంప నిండింది.

అవు గని, రాత్రి మీ పిల్లగాడు కీబోర్డు మీద క్రిస్మస్ పాట ‘శుద్ధరాత్రి’ వాయిస్తుండె గదా, ఆర్గన్ మోత పెట్టి! మా ఆయన బువ్వల చెయ్యి పెట్టి అట్లనే ఉండిపోయిండు. నేనైతే అది ఆర్గన్ పాటే అనుకున్న. కాదట! పొద్దుగాల నల్లకాడ మీవోడే చెప్పిండు.

ఆస్ట్రియాల ఓబెర్న్‌డార్ఫ్ అని ఒక ఊరట. ఆడి ఫాదర్ యోసెఫ్ మోర్ 1816లనే పాట రాసి పెట్టుకున్నడు. 1818 డిసెంబర్ 24 నాడు గ్రూబర్ చేతుల పెట్టి గిటారుకు వరుస కట్టుమన్నడు. గ్రూబర్ పక్కూరు బడిపంతులు, ఈ చర్చిల ఆర్గన్ వాయించెటోడు. మరి ఆర్గనాయనతోని గిటారుకు కట్టిచ్చుడేందని అడిగితే, ఎలుకలు ఆర్గన్ తిత్తి కొరికినయని చెప్పుకుంటరట. గని గ్రూబర్ 1854ల తన చేత్తోని రాసిచ్చిన కాయితంల ఎలుక ఊసే లేదట. పాట హైడన్ అనే సంగీతకారునిదా అని బెర్లిన్‌ నుంచి అడిగిండ్రని రాసిన కాయితమది.

నాకైతే ఎలుకల మీదనే అనుమానం. మా మామ భజన హార్మోనియం యాదికున్నదా? అటుక మీద పెడితే తిత్తి మూలకు రూపాయి బిళ్లంత బొక్క చేసినయి. మెట్టు నొక్కితే సుయ్యిమని గాలే! తోలుముక్క అతికిస్తేగని పలకలే.

ఇంకో ముచ్చట విను. ఆ పాటను ఊరు దాటించింది ఆర్గన్లు బాగుచేసెటాయనేనట, కార్ల్ మౌరాఖర్. రిపేరుకచ్చి, పాటను తమ జిల్లర్‌టాల్ లోయకు పట్టుకపోయిండు. ఆడి రైనర్ ఇంటోళ్లు ఊరూరు పాడుకుంట 1839ల న్యూయార్కు దాకా పోయిండ్రు. ఆర్గన్‌కు గ్రూబరే తర్వాత రాసిండట. గిటారు తీగె మీటితే మోత ఆరిపోతది. ఆర్గన్‌ల ఎడమచేతి మెట్టు పట్టుకున్నంతసేపు పలుకుతనే ఉంటది. దాని మీద పాట తకిట తకిట అని ఉయ్యాల లెక్క ఊగుతది.

మన హార్మోనియం గూడ అంతే గదా! ఆర్గన్ల గాలి గొట్టాలకు పోతది, పెట్టెల ఇత్తడి రీడ్లకు పోతది. కాలితోని తొక్కే పెట్టెను, నేలమీద కూసోని ఒక చేత్తోని తిత్తి కొట్టేటట్టు కలకత్తా ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంల చేసిండట. లక్షెట్టిపేట చర్చిల నేను విన్నది గసొంటి పెట్టే, పక్కన డోలకు. ఏం తక్కువైంది?

గందుకే చెప్తున్న, క్యారల్స్‌కు ఇల్లిల్లు తిరిగేటప్పుడు కీబోర్డుకు కరెంటు యాడ దొరుకుతది? మా పెట్టె తీస్కపోండ్రి. ఎడమ దిక్కు రెండో మెట్టు జర గట్టిగ నొక్కుమను. తెచ్చిచ్చేటప్పుడు గులాబీ పూలు నాలుగు పెట్టియ్యి, పెట్టెల కాదు సుమా! మల్ల ఎలుకలస్తయి.