వాడ పాఠాలు - 11: రాత్రి బువ్వ లెక్క

రూముల్లో ఉండి గ్రూప్స్‌కీ, నెట్‌కీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలా రోజుల నుంచి అడుగుతున్నారు. "అక్కా, కవిత్వం మీద రాస్తవు, రిజర్వేషన్ల మీద రాస్తవు. తక్కువ పైసల్ల ఎట్ల వండుకోవాల్నో కూడా ఒకసారి రాయి" అని. ఈ వారం పాఠం అదే. తెలుగులో చేసిన డాక్టరేట్ కన్నా ఈ విద్యే నాకు ఎక్కువ పనికొస్తోంది కాబట్టి ధైర్యంగానే రాస్తున్నా.

మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మా బిడ్డ, మా అమ్మ. నేను డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. మాకు జీతం ఉండదు, గంటకింత అని లెక్క ఉంటుంది. పాఠం చెప్పిన గంటకే పైసలు. దసరా సెలవులకు లేవు, పరీక్షల రోజులకు లేవు. చెప్పిన గంటలవైనా ఎప్పుడొస్తాయో తెలియదు. ఇప్పటికి నాలుగు నెలలుగా రాలేదు. మా ఆయనది ప్రైవేటు నౌకరి. ఆ జీతం ఇంటి కిరాయికీ, బిడ్డ ఫీజుకీ, అమ్మ బీపీ గోలీలకూ పోతుంది. అందుకని రాత్రి కూరకు వారానికి ఆరు వందలు దాటొద్దని గీత గీసుకున్నాం.

ముందు బియ్యం సంగతి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మా అమ్మ ఇప్పటికీ ఏ ముచ్చట చెప్పినా "రెండు రూపాల బియ్యం రాకముందు", "వచ్చినంక" అని కాలాన్ని రెండు ముక్కలు చేసే చెబుతుంది. అంతకుముందు వాళ్లింట్లో వరన్నం అంటే పండుగే. మిగతా రోజులు గటక, అంబలి. ఇప్పుడు తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితం. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. పొద్దున బాక్సుకు సగం, రాత్రికి సగం. మా కార్డులో నలుగురి పేర్లూ ఉన్నాయి కాబట్టి బియ్యం కొనే పని లేదు. మీ ఇంట్లో ఎవరి పేరైనా కార్డులో ఎక్కకపోతే ముందు ఆ పని చూడండి. ఏ వంట చిట్కా కూడా దానికి సాటి రాదు.

అయితే బియ్యం ఆకలి తీరుస్తుంది కానీ రక్తం పట్టించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే నా క్లాసులో కూర్చున్న ఆడపిల్లల్లో సగానికి పైగా. కాబట్టి తక్కువ పైసల వంట అంటే ఎట్లనో అట్ల కడుపు నింపడం కాదు. అన్నం పక్కన పప్పో, గుడ్డో, చేపో, మాంసమో రోజూ ఏదో ఒకటి ఉండాలి. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది.

మా వారం ఇట్లా నడుస్తుంది.

సోమవారం పుంటికూర పప్పు. కందిపప్పు 150 గ్రాములు ఇరవై రూపాయలు, పుంటికూర మూడు కట్టలు ఇరవై, నూనె, పోపు కలిపి పది. మొత్తం యాభై. పప్పును అరగంట నానబెడితే గ్యాసు మిగులుతుంది. పుంటికూరను పప్పుతో కలిపి కుక్కర్లో వేయొద్దు. పులుపు పడితే పప్పు మెత్తబడదు. పప్పు ఉడికాకే ఆకు వేయాలి.

మంగళవారం గుడ్ల పులుసు. నాలుగు గుడ్లు, మూడు ఉల్లిగడ్డలు, నిమ్మకాయంత చింతపండు. అరవైలో అయిపోతుంది.

బుధవారం పచ్చిపులుసు, పక్కన బొబ్బర్ల గుగ్గిళ్లు. నలభై ఐదు. పచ్చిపులుసుకు పోపు పెట్టినంతసేపే పొయ్యి కావాలి. గ్యాసు అడుగంటిన రోజుల్లో మన అవ్వలు కనిపెట్టిన దీనికి మించిన వంట లేదు. కానీ ఒట్టి పచ్చిపులుసుతో బలం రాదు. పొద్దున నానబెట్టిన బొబ్బర్లు పావు కిలోకు తక్కువే అయినా నలుగురికీ సరిపోతాయి.

గురువారం వంకాయ, ఎండు రొయ్యలు. రొయ్యలు 50 గ్రాములు యాభై రూపాయలు, వంకాయలు అర కిలో ఇరవై, మిగతా సామాను పదిహేను. ఎనభై ఐదు. రొయ్యల్ని ముందు నూనె లేకుండా కడాయిలో దోరగా వేయించాలి. చేత్తో నలిపితే తలలు, కాళ్లు రాలిపోతాయి. గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగితే ఇసుక పోతుంది. 50 గ్రాములే కదా అనుకోవద్దు. ఎండినదాంట్లో నీళ్లుండవు, ఉన్నదంతా బలమే. అర కిలో వంకాయలకు ఆ రుచి చాలు. ఆ గిన్నె మా ఇంట్లో ఎన్నడూ మిగల్లేదు.

శుక్ర, శనివారాలు తోటకూర పెసరపప్పో, పప్పుచారో. రోజుకు యాభై.

ఆదివారం పెద్దకూర. అర కిలో నూట అరవై. ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ, నూనె, గుప్పెడు శనగపప్పు కలిపి ఇంకో అరవై. మేక మాంసం కిలో కొనే పైసలకు పెద్దకూర రెండు కిలోలకు పైగానే వస్తుంది. కుక్కర్లో చిన్న మంట మీద ఓపికగా ఉడకనిస్తే వెన్నలా అవుతుంది. శనగపప్పు కలిపితే సోమవారం పొద్దున బాక్సులకు కూడా వస్తుంది. బిడ్డ బడి బాక్సులో మాత్రం అది పెట్టం. ఎందుకో మీకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

కూడితే వారానికి 560. రాత్రికి సగటున 80.

ఇంతవరకు చదివినవాళ్లు అనొచ్చు, "ఇదంతా పొదుపు కదా, ఇందులో రాజకీయం ఏముంది?" అని. ఈ పట్టికలో గుడ్లు, రొయ్యలు, పెద్దకూర తీసేయండి. అప్పుడు ఏం మిగులుతుందో చూడండి. బలమూ ఉండి చవకా అయిన తిండిని వేలెత్తి చూపిస్తే, ఈ దేశంలో దేన్ని నీచమన్నారో దాని మీదకే వేలు పోతుంది.

రెండేళ్ల కింద కాలేజీకి నడిచి పోయేంత దూరంలో ఒక ఇల్లు చూశాం. ఓనరు మంచిగానే మాట్లాడాడు. లెక్చరర్లు, చదువుకున్నోళ్లు, ఇంకేం కావాలె అన్నాడు. తరవాత "మీరేమిట్లు?" అని అడిగాడు. చెప్పాం. కాసేపు ఆగి, "మాకేం పట్టింపు లేదమ్మా. కాకపోతే ఎండు చేపలు, ఆ మాంసం గట్ర ఇంట్ల వండొద్దు. వాసన పైకొస్తది" అన్నాడు. "ఆ మాంసం" పేరు కూడా ఆయన నోటితో పలకలేదు. ఇల్లు ఇవ్వనన్నాడా? అనలేదు. వంటింటికి మాత్రం తాళం వేసి తక్కిన ఇల్లు ఇస్తానన్నాడు.

ఆ ఇల్లు వద్దనుకుని దూరంగా ఒక బస్తీలో దిగాం. ఇప్పుడు ఇంటి నుంచి బస్టాపు దాకా షేర్ ఆటో ఎక్కాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కానీ ఆటోకు ఉంది. రానుపోను నలభై. నెలకు 24 రోజులు. 960 రూపాయలు. రాత్రికి 80 చొప్పున పన్నెండు రాత్రుల కూర. ఇంకో దారి కూడా ఉండేది. షరతు ఒప్పుకుని, రొయ్యల చోట పన్నీరు తెచ్చుకోవచ్చు. పావు కిలో వంద రూపాయలు, నలుగురికి తలా నాలుగు ముక్కలు. ఎట్లా పోయినా నష్టం మనకే. ఇదే కుల పన్ను. దీనికి రసీదు ఇవ్వరు, ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కనిపించదు. నెల నెలా మన వంటింట్లోంచే వసూలవుతుంది.

బాబాసాహెబ్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంటరానితనం పుట్టుకను గొడ్డుమాంసం తినడంతో ముడిపెట్టి వాదించారు. పాత కాలంలో ఊరి బయట ఉంచిన రూలే ఇప్పుడు కిరాయి షరతుగా వచ్చింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే అది రాజకీయమని దేశమంతా గుర్తించింది. గురువారం రాత్రి నా పొయ్యి మీద ఉడికే రొయ్యలదీ అదే రాజకీయం. దానికి కెమెరాలు రావు, అంతే తేడా.

సాహిత్యం పాఠం చెప్పేదాన్ని కదా, అక్కడిదీ ఒకటి చెప్పాలి. శ్రీనాథుడి పేరు మీద ఒక చాటు పద్యం ప్రచారంలో ఉంది. పూతన పాలు తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోవద్దని కృష్ణుణ్ణి ఎగతాళి చేస్తాడు కవి. చింతచిగురు వేసి వండిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, అప్పుడు నీ పస తెలుస్తుంది అంటాడు. క్లాసులో ఈ పద్యం రాగానే పిల్లలు నవ్వుతారు. పద్యం బాగుంటుంది, నేనూ కాదనను. నవ్వు ఆగాక ఒక ప్రశ్న వేస్తాను. "మీలో ఎంతమంది అవ్వలు, తాతలు రోజూ ఇదే తిన్నరు?" ఒక్కొక్క చెయ్యే లేస్తుంది. విషం కన్నా, నిప్పు కన్నా మింగలేనిదని కవి చెప్పిన ఆ ముద్ద వాళ్ల ఇంటి బువ్వ. నిజానికి అది మంచి భోజనం. జొన్న, ఆకుకూర, పులుపు. పులుపు తోడుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నదే మన అవ్వలు గిన్నెలో చేసి చూపించారు. జహీరాబాద్ వైపు డీడీఎస్ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు ఆ జొన్నల్నీ, కొర్రల్నీ, చేన్లో దానంతటదే మొలిచే ఆకుకూరల్నీ ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చారు. పట్నంలో ఇప్పుడు అవే జొన్నలు అందమైన ప్యాకెట్లలోకి ఎక్కాయి. మా అవ్వ విసుగొచ్చేదాకా తిన్న జొన్నరొట్టె నా ఆరు వందల లెక్కలో పట్టడం లేదు. మనం తిన్నంతకాలం కూడు, వాళ్లు తినడం మొదలుపెడితే ఆరోగ్యం.

ఇక అన్నిటికన్నా కష్టమైన లెక్క. వండింది ఎవరికి ఎంత?

తక్కువ పైసలతో ఇల్లు నడిపిన ఆడవాళ్లను మెచ్చుకుంటాం. ఆ తక్కువ ఎవరి పళ్లెంలో తగ్గిందో చూడం. మా చిన్నప్పుడు అమ్మ అందరికీ పెట్టి చివరికి కూర్చునేది. గిన్నె అడుగున అన్నం మెతుకుల్లో ఇంత కారం, ఉప్పు కలుపుకునేది. "నువ్వు కూర ఏసుకోవా?" అంటే, "పొద్దుగాల నాట్ల కాడ మస్తు తిన్న బిడ్డా" అనేది. నాట్ల కాడ ఏం పెడతారో పెద్దయ్యాక తెలిసింది. దళిత కవిత్వంలో అమ్మ ఆకలి మీద కన్నీళ్లు తెప్పించే కవితలు చాలా చదివాను, పాఠాలుగానూ చెప్పాను. తమ్ముళ్లూ, ఆ కన్నీళ్లు నిజమే. కానీ అమ్మ పళ్లెంలో ముక్క వేయకుండా అమ్మ త్యాగం మీద కవిత రాస్తే ఆ ఆకలి తీరదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు' చదవనివాళ్లు చదవండి. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లే మాట్లాడితే ఎట్లా ఉంటుందో తెలుస్తుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. ఎవరూ కూర్చోకముందే నాలుగు పళ్లేలు వరసగా పెట్టి కూర పంచేస్తాం. తక్కువైతే నలుగురికీ తక్కువే. మొదట్లో అమ్మ ఒప్పుకోలేదు. "ఆడోళ్లు మొగోళ్లతోని సమానంగ ముందుగాల పెట్టుకుంటరా?" అంది. గుడ్డు సగం చేసి పెడితే ఆ సగంలో సగం మనవరాలి పళ్లెంలోకి జారేది. అందుకని గుడ్డు కోయడం మానేశాను. నిండు గుడ్డే పెడతాను, తినేదాకా పక్కనే కూర్చుంటాను. వంతులూ వేసుకున్నాం. గురువారం రొయ్యలు వేయించి కడిగి వండేది మా ఆయనే. రూముల్లో ఉండే తమ్ముళ్లూ, మీ రూముల్లోనూ ఒకడే వండి మిగతావాళ్లు సెల్లు చూస్తుంటారని నాకు తెలుసు. గోడకు వంతుల కాగితం అంటించండి.

కాబట్టి చవక భోజనానికి నేను నేర్చుకున్నవి రెండే సూత్రాలు. ఏది చవకగా బలమిస్తుందో దాన్ని సిగ్గు లేకుండా, భయం లేకుండా వండుకోగలగాలి. వండినదాన్ని సమానంగా పంచుకోవాలి. మిగతావన్నీ చిట్కాలు.

చివరగా ఒక మాట. మొన్న స్టాఫ్ రూములో ఒక రెగ్యులర్ లెక్చరర్ మేడం నా బాక్సు చూసి, "ఇంత తక్కువలో ఎంత బాగా మేనేజ్ చేస్తున్నారండీ" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట నాకు భయం వేసింది. తరతరాలుగా మన గురించి అంటున్నది అదే. వీళ్లు ఎంతలోనైనా బతుకుతారు, కాబట్టి ఎంత ఇచ్చినా సరిపోతుంది, ఎప్పుడిచ్చినా సరిపోతుంది. ఎనభై రూపాయల్లో నలుగురికి కూర వండడం మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య. దాన్ని చూపించి మా నాలుగు నెలల బిల్లు ఐదో నెలకు తోసే హక్కు ఎవరికీ లేదు. సోమవారం గెస్ట్ లెక్చరర్లమంతా కలిసి బిల్లుల గురించి అడగడానికి పోతున్నాం. పొద్దున్నే పప్పు నానబెట్టి పోతాను. ఇంటికొచ్చేసరికి ఎంత రాత్రయినా సరే, పుంటికూర పప్పు ఉడకాలి కదా.

జై భీమ్.