బిల్లుగా ఉన్నప్పుడే అడగాలి

భూమి దావాలు చూసుకునే ప్లీడరుకి అసెంబ్లీ బిల్లులతో ఏం పని అని నెల్లిమర్లలో కొందరు నన్ను అడుగుతుంటారు. నా దగ్గరికొచ్చే రైతు పట్టా, పాసుపుస్తకం, వారసత్వం అన్నీ ఏదో ఒక చట్టం మీద నిలబడ్డవే. ఆ చట్టం ఎప్పుడు, ఎలా మారబోతోందో తెలియకుండా నేను సలహా చెప్పలేను. అందుకే బిల్లుల కోసం ఒక రిజిస్టరు పెట్టుకున్నాను.

బిల్లుకో పేజీ. ఎల్‌.ఏ. బిల్లు నంబరు, సంవత్సరం, సభలో పెట్టిన తేదీ, ఆమోదించిన తేదీ, మండలిలో ఏమైంది, గవర్నరు సంతకం పెట్టారా, రాష్ట్రపతికి పంపారా, గెజిట్‌లో ఎప్పుడు అచ్చయింది, ఏ జీవోతో అమల్లోకొచ్చింది. పేరొక్కటే నమ్ముకుంటే చాలదు. ఒకే చట్టానికి ఒకే ఏడాదిలో రెండు సవరణ బిల్లులు రావచ్చు. పత్రికల్లో వార్త సభ ఆమోదంతో ఆగిపోతుంది. నా రిజిస్టరులో సగం గడులు ఆ తర్వాతే నిండుతాయి.

సమావేశాలు ముగిస్తే బిల్లు పోదు. రాజ్యాంగం 196వ అధికరణం ప్రకారం సభ ప్రొరోగ్ అయినా బిల్లు బతికే ఉంటుంది. అసెంబ్లీ రద్దయితే మాత్రం సభలో ఉన్నదీ, సభ దాటి మండలిలో ఆగినదీ మురిగిపోతాయి. ఉభయ సభలూ దాటి గవర్నరు దగ్గరో రాష్ట్రపతి దగ్గరో ఉన్న బిల్లు సభ రద్దయినా మురిగిపోదని పురుషోత్తమన్ నంబూద్రి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ప్రభుత్వం మారినా పాత పేజీలు తిరగేస్తూనే ఉంటాను.

2020లో మూడు రాజధానుల బిల్లు నడక చూస్తే గడువుల విలువ తెలుస్తుంది. జనవరి 20న అసెంబ్లీ ఆమోదించింది. 22న మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. విశాఖకి రాజధాని ఆగిపోయినట్టేనా అని మా వైపు అందరూ అడిగారు. 197వ అధికరణం చూడమన్నాను. మండలి మూడు నెలలు దాటినా ఆమోదించకపోతే అసెంబ్లీ మళ్లీ ఆమోదించవచ్చు. ఆ రెండోసారి మండలికి మిగిలేది ఒక్క నెలే. జూన్ 16న అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది. మర్నాడు మండలి దాన్ని చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది. ప్రభుత్వం నెల గడువు లెక్కగట్టి గవర్నరుకి పంపితే, జులై 31న సంతకమైంది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకునే బిల్లూ ఇదే సభకొచ్చింది. విశాఖ పేరు చూసి స్థలాల బేరాలకి తొందరపడిన వాళ్లకి నేను చూపించింది ఈ తేదీలనే.

ఆడవాళ్లపై నేరాలకి త్వరగా శిక్ష పడేలా తెచ్చిన దిశ బిల్లు పేజీ ఇంకో రకం. 2019 డిసెంబరు 13న అసెంబ్లీ ఆమోదించింది. ఐపీసీకీ, సీఆర్‌పీసీకీ మార్పులు కాబట్టి రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు. దిశ పేరుతో పోలీసు స్టేషన్లు వచ్చాయి, యాప్ వచ్చింది, జనం నోట అది ‘దిశ చట్టం’ అయింది. 21 రోజుల్లో శిక్ష పడుతుంది కదా అని ఆశగా అడిగిన తల్లిదండ్రులకి అది ఇంకా బిల్లేనని చెప్పడం నా వృత్తిలో బరువైన పని. 2024 జులై 1న ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలోనే కొత్త చట్టాలు వచ్చాయి.

అన్నిటికంటే నన్ను కదిలించింది ల్యాండ్ టైట్లింగ్ చట్టం. 2024 ఎన్నికల ముందు నెల్లిమర్ల మండలం నుంచి ఎందరో వచ్చి, “బాబూ, చట్టమొచ్చీసిందంట గదా, మా భూమి ఏటైపోద్ది?” అని అడిగారు. హక్కు వివాదాలు సివిల్ కోర్టులకి కాకుండా వేరే అధికారుల చేతికి వెళ్తాయన్న భయం న్యాయవాదులదీ, రైతులదీ. రాష్ట్రమంతటా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. అయితే మొదటి బిల్లు 2019లోనే సభ దాటింది. కేంద్రం అభ్యంతరాలతో తిరిగొచ్చి, మార్పులతో మళ్లీ వెళ్లి, చివరికి 2022 నాటి చట్టం పేరుతో 2023 అక్టోబరు 31న అమల్లోకొచ్చింది. అడగడానికి, మార్పించడానికి అన్నేళ్ల వ్యవధి దొరికింది. ఆ ఏళ్లలో ఊళ్లలో దాని గురించి మాట్లాడిన వాళ్లు అరుదు. చట్టమయ్యాక మిగిలినవి కోర్టూ, ఓటూ. 2024 జులై 24న కొత్త అసెంబ్లీ దాన్ని రద్దు చేసే బిల్లు ఆమోదించింది.

కాబట్టి ఎవరైనా కొత్త చట్టం వచ్చిందంటే మూడు సంగతులు అడగండి: ఉభయ సభలూ దాటిందా, సంతకమైందా, అమలు తేదీ ప్రకటించారా? ఇంకా బిల్లుగానే ఉంటే దాని ప్రతి తెప్పించుకుని చదివి, అభ్యంతరం ఏ క్లాజు మీదో రాసి ఎమ్మెల్యేకీ, ఎమ్మెల్సీకీ ఇవ్వండి. చదవడం కష్టమైతే నా దగ్గరికి తెండి, కలిసి చదువుదాం. దీనికి ఫీజు అక్కర్లేదు.